స్టార్‌డ్యూ వ్యాలీలో పెళ్లయి ఏడాది దాటింది, పెన్నీ ఇంకా పిల్లల ఊసే ఎత్తట్లేదు

కొబ్బరిమట్ట (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. ఈ పొలం వీడియో గేమ్ నాకు కొత్తేమీ కాదు. ఆటలో నాలుగో ఏడాదిలో ఉన్నా, షెడ్ల నిండా కెగ్గులు (వైన్, బీరు తయారుచేసే పీపాలు), డబ్బుకి లోటు లేదు. పోయిన ఏడాది ఆటలోని ఊళ్లో ఉండే పెన్నీతో పెళ్లయింది. దానికి పడ్డ పాట్లు మీకు తెలియనివా? వారానికి రెండు గిఫ్టులే ఇవ్వనిస్తారు కాబట్టి వేసవంతా పుచ్చకాయలు దాచిపెట్టి ఇచ్చాను, 8 హార్ట్స్ (స్నేహం కొలిచే గుండె గుర్తులు) అయ్యాక పియర్ కొట్లో 200 గోల్డ్ పెట్టి బొకే కొన్నాను, బీచ్‌లో తూర్పు వంతెన 300 చెక్కతో బాగుచేశాను, ఇక వాన పడితే తప్ప పెళ్లి అడగడానికి కావాల్సిన లాకెట్ అమ్మే ఆ ముసలి నావికుడు రాడు కదా, టీవీలో రోజూ వాతావరణం చూడటమే పని. చివరికి 5,000 గోల్డ్ ఇచ్చి లాకెట్ కొని అడిగితే మూడో రోజు పెళ్లి చేశారు.

అసలు సమస్య ఇప్పుడు. రెండు సీజన్ల కిందట వడ్రంగి రాబిన్ చేత ఇంటికి రెండో అప్‌గ్రేడ్ చేయించా, పిల్లల గది వచ్చింది, తొట్టి వచ్చింది, పక్కన రెండు చిన్న మంచాలు కూడా వచ్చాయి. అప్పట్నుంచి ఎదురుచూస్తున్నా, "మనకి పిల్లలు కావాలా" అన్న ప్రశ్న ఒక్క రాత్రి కూడా రాలేదు. 12 హార్ట్స్ ఉన్నాయి. గేమ్‌లో బగ్ ఏమైనా ఉందా?

ఇంకో సంగతి, మా అమ్మ సాయంత్రం టీ తాగుతూ వెనకాల కూర్చుని చూస్తుంటుంది. నిన్న "ఏరా, ఆ పిల్లకి ఇంకా విశేషం లేదా?" అని అడిగింది. ఆటలో కూడా ఇదేనా అనిపించింది.

రాగిసంకటి (ఆదివారం రాత్రి)

అమ్మకి మా నమస్కారాలు చెప్పన్నా. ఏ ఊరి అమ్మైనా ప్రశ్న మాత్రం అదే.

లెక్కలమాస్టారు (ఆదివారం రాత్రి)

బగ్ అనుకునే ముందు నియమాలు చూసుకుందాం. పెళ్లయి కనీసం 7 రోజులు కావాలి, భార్యతో 10 హార్ట్స్ తగ్గకూడదు, ఇంటికి రెండో అప్‌గ్రేడ్ అయ్యుండాలి. ఇవన్నీ ఉన్నా కూడా ప్రతి రాత్రీ ఆ ప్రశ్న వచ్చే అవకాశం 5 శాతమే. ఇక్కడే చాలామంది పొరపడతారు. 5 శాతం అంటే 20 రాత్రుల్లో ఒకసారి తప్పకుండా వస్తుందని కాదు. 20 రాత్రులు గడిచినా రాకపోయే అవకాశం దాదాపు 36 శాతం ఉంది. ఒక సీజన్ అంటే 28 రాత్రులు గడిచినా ఇంకా 24 శాతం ఉంది, అంటే నలుగురిలో ఒకరికి సీజనంతా ఏ ప్రశ్నా రాదు.

మీరు రెండు సీజన్లు అంటున్నారు, 56 రాత్రులు. అప్పుడు 5.7 శాతం. వందమంది ఆడితే అయిదారుగురికి ఇలా జరగొచ్చు, వాళ్లలో మీరొకరు కావచ్చు. కానీ అక్కడిదాకా వచ్చిందంటే నాకు ఇంకేదో అనుమానంగా ఉంది. రోజూ ఎన్ని గంటలకి పడుకుంటారు, ఎక్కడ పడుకుంటారు అన్నీ రాయండి.

కొబ్బరిమట్ట (ఆదివారం రాత్రి)

మాస్టారూ, డాక్టర్ దగ్గరికి వచ్చినట్టుంది.

మక్కబుట్ట (సోమవారం పొద్దున)

తొట్టి ఉందా లేదా సూడన్నా ముందు. ఆట 1.5 వెర్షన్ వచ్చినప్పటి నుంచి రాబిన్ దగ్గర ఇంటి మార్పులని ఒక మెనూ ఉంది, అందులో తొట్టి తీసేయొచ్చు. తొట్టి లేకపోతే పిల్లల మాటే రాదు. మా తమ్ముడు ఆ గదిలో ఇంకో నాలుగు పీపాలు పడతాయని తొట్టి తీసేయించి, మరచిపోయి, ఏడాదంతా పిల్లలు ఎందుకు రావట్లేదని నన్ను తిట్టిండు.

కొబ్బరిమట్ట (సోమవారం పొద్దున)

తొట్టి ఉంది. ఇప్పుడే చూశా. దాని పక్కనే నా కెగ్గులు రెండున్నాయి, అది వేరే విషయం.

గుమ్మడిపువ్వు (సోమవారం మధ్యాహ్నం)

పిల్లల గదిలో సారా బట్టీ పెట్టారా!! పెన్నీ ఊరుకుంటోందా? వాళ్లమ్మ తాగుడు వల్ల ఆ ట్రైలర్ ఇంట్లో ఎన్ని బాధలు పడిందో మీకు తెలిసి కూడా...

మా సంగతి చెప్తాను. మేం డల్లాస్‌లో ఉంటాం, నేనూ మా ఆయనా ఇద్దరం ఒకే పొలంలో ఆడతాం. 2018లో మల్టీప్లేయర్ వచ్చింది కదా, మేం మాత్రం పోయినేడు మొదలుపెట్టాం. ఇద్దరు ఆటగాళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకోవచ్చు, దానికి లాకెట్ కాదు, పెళ్లి ఉంగరం తయారు చేసుకోవాలి. ఆ పద్ధతి ట్రావెలింగ్ కార్ట్‌లో (తిరుగుడు వ్యాపారి బండి) 500 గోల్డ్‌కి దొరుకుతుంది. 5 ఇరీడియం బార్లూ ఒక ప్రిజ్మాటిక్ షార్డూ (చాలా అరుదైన రంగురాయి) కావాలి. నిజం పెళ్లిలో మా ఆయన ఉంగరం వెతుక్కోవడానికి బిందెలో చెయ్యి పెట్టింది రెండు నిమిషాలు, ఈ షార్డ్ కోసం గనిలో తిరిగింది రెండు వారాలు.

మాకూ మీలాగే పిల్లల ప్రశ్న రాలేదు. తర్వాత తెలిసిందేమిటంటే ఇద్దరం ఒకే ఇంట్లో పడుకోవాలట. నేను నా క్యాబిన్‌లో పడుకుంటున్నా, ఆయన పెద్దింట్లో పడుకుంటున్నారు. పెళ్లయ్యాక కూడా ఎవరి మంచం వారిది. ఇలా అయితే ఎక్కణ్ణుంచి వస్తారు పిల్లలు?

రాగిసంకటి (సోమవారం మధ్యాహ్నం)

అక్కా, దీనికి నేను రాయాల్సింది చాలా ఉంది కానీ నిర్వాహకులు చూస్తుంటారు.

పశులకాపరి (సోమవారం సాయంత్రం)

నేను కొంచెం వేరుగా చెప్తా, తిట్టుకోకండి. ఈ ఆటలో పిల్లల కోసం అంత తాపత్రయం దేనికి? ఇంటి అప్‌గ్రేడ్‌కి ఇప్పుడు 65,000 గోల్డ్, 100 హార్డ్‌వుడ్. ముందు 50,000, 150 హార్డ్‌వుడ్ ఉండేది. అంత ఖర్చు పెట్టి తెచ్చుకున్నాక ఆ పిల్లలు చేసేదేమిటి? కొన్నాళ్లు తొట్టిలో నిద్రపోతారు, కొన్నాళ్లు కళ్లు తెరిచి కూర్చుంటారు, తర్వాత పాకుతారు, రెండు సీజన్లు అయ్యేసరికి ఇంట్లో పరుగెడతారు. అంతే. ఇక జన్మలో ఎదగరు. మీరు పదో ఏడాదికి వెళ్లినా వాడు అక్కడే, అదే ఎత్తు. పొలంలో నీళ్లు పోయడు, కోళ్లకి గింజలు వేయడు, బడికి పోడు. పెన్నీ ఊళ్లో విన్సెంట్‌కీ జాస్‌కీ పాఠాలు చెప్తుంది, సొంత బిడ్డకి అక్షరం ముక్క చెప్పదు.

నేను పాత హార్వెస్ట్ మూన్ ఆడినవాణ్ణి, అందుకే ఈ బాధ. స్టార్‌డ్యూ పుట్టిందే ఆ ఆటల మీద ఇష్టం నుంచి. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటలోనే పెళ్లీ పిల్లలూ ఉన్నాయి. 2003లో వచ్చిన ఎ వండర్‌ఫుల్ లైఫ్ అయితే అసలు సంగతే వేరు. అందులో మొదటి అధ్యాయం ముగిసేలోపు పెళ్లి కావాల్సిందే, లేకపోతే ఆట ముందుకు పోదు. బిడ్డ పుడతాడు, అధ్యాయం మారేకొద్దీ పెద్దవుతాడు, బాలుడవుతాడు, మీసాలొచ్చే వయసుకి వస్తాడు. చిన్నప్పుడు వాడికి ఏ బొమ్మలిచ్చారు, ఊళ్లో ఎవరి దగ్గరికి తీసుకెళ్లారు అనే దాన్నిబట్టి వాడి వృత్తి మారుతుంది. వాడు రైతవ్వాలని మీరనుకుంటే వాడు ఇంకేదో అంటాడు. చివర్లో మీ పాత్ర ముసలిదై చనిపోతుంది. అది కుటుంబం. 2023లో దాన్నే కొత్తగా మళ్లీ తెచ్చారు, వీలైతే ఆడి చూడండి.

స్టార్‌డ్యూ పిల్లలు మాత్రం ఫర్నిచర్‌తో సమానం.

గుమ్మడిపువ్వు (సోమవారం రాత్రి)

ఫర్నిచర్ అనకండి అండీ. ఫర్నిచర్‌కి టోపీ పెడితే నవ్వదు. మావాడికి పుట్టగొడుగు టోపీ పెట్టాం, దాంతో ఇల్లంతా పరుగెడుతుంటే వారం రోజులు ఇద్దరం అదే చూశాం, పంట కూడా కోయలేదు.

మక్కబుట్ట (సోమవారం రాత్రి)

పశులకాపరి అన్న చెప్పింది తప్పేం కాదు గానీ, ఒక్క మాట. స్టార్‌డ్యూని ఎరిక్ బారోన్ ఒక్కడే చేసిండు. బొమ్మలు, పాటలు, కోడ్, మాటలు అన్నీ ఒక్కడే, నాలుగున్నరేళ్లు కూసోని చేస్తే 2016 ఫిబ్రవరి 26న వచ్చింది. పెళ్లి చేసుకోగలిగినోళ్లే పన్నెండుమంది ఉన్నరు, ఒక్కొక్కరికీ కథలు, సీన్లు, పెళ్లి తర్వాత మాటలు. మొదట్ల పదిమందే, ఎమిలీ, షేన్ తర్వాత అప్‌డేట్‌ల వచ్చిన్రు. ఇంక పిల్లలు కూడా పెద్దయి, ఒక్కొక్కరికీ ఒక మొకం, ఒక గుణం అంటే ఆయన ఇప్పటికీ అదే పనిలో ఉండేటోడు. నాకైతే అట్లనే అనిపిస్తది, ఆయన చెప్పలేదు.

ఇంకొకటి, మా నాయిన నిజం రైతు. మేం ఇద్దరం పిల్లలం ఊరు విడిచి పట్నం వచ్చినం. ఆటల పిల్లలు ఎదగరు అంటే నాకు అంత బాధనిపించలేదు. ఎదిగితే పోతరు గద.

పశులకాపరి (సోమవారం రాత్రి)

ఈ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు బాబూ.

లెక్కలమాస్టారు (సోమవారం రాత్రి)

అసలు విషయం పక్కకి పోతోంది. కొబ్బరిమట్ట గారూ, రోజూ ఎక్కడ పడుకుంటున్నారు అని అడిగాను. జవాబు రాలేదు.

కొబ్బరిమట్ట (సోమవారం రాత్రి)

క్షమించండి మాస్టారూ, ఆఫీసు పనిలో పడ్డా. రోజూ 12 లోపే పడుకుంటా. ఎక్కువగా జింజర్ ఐలాండ్ అనే ద్వీపంలోనే. అక్కడ అన్ని సీజన్లలో అన్నీ పండుతాయి కదా, 20 గోల్డెన్ వాల్‌నట్లు ఇచ్చి అక్కడి ఇల్లు తెరిపించుకున్నా, మంచం ఉంది. పడవ టికెట్ ఒక్కోసారికి 1,000 గోల్డ్, రోజూ పోయిరావడం దండగ అని వారంలో ఒక రోజో రెండ్రోజులో మాత్రం ఇంటికి వస్తా. అగ్నిపర్వతం గనిలో పని కూడా అక్కడే.

లెక్కలమాస్టారు (సోమవారం రాత్రి)

దొరికింది.

రాగిసంకటి (సోమవారం రాత్రి)

అన్నా!!! దుబాయ్‌లో ఉంటూ ఊళ్లో భార్యకి విశేషం లేదేంటని బాధపడుతున్నావా???

లెక్కలమాస్టారు (సోమవారం రాత్రి)

సరిగ్గా అదే. ఆ 5 శాతం పరీక్ష మీరు మీ సొంత ఇంట్లో పడుకున్న రాత్రి మాత్రమే జరుగుతుంది. ద్వీపంలో పడుకున్న రాత్రులు లెక్కలోకే రావు. మీ 56 రాత్రుల్లో ఇంటిపట్టున ఉన్నవి ఓ పది అనుకుందాం. పది రాత్రుల్లో ప్రశ్న రాకపోయే అవకాశం 60 శాతం. మీకు దురదృష్టమూ లేదు, బగ్గూ లేదు. వంద మందిలో అరవై మందికి ఇదే జరుగుతుంది.

ఇంకొక అనుమానం. మాట్లాడని రోజున భార్యతో స్నేహం 20 పాయింట్లు తగ్గుతుంది. ఒక హార్ట్ అంటే 250 పాయింట్లు. మీరు వారానికి అయిదారు రోజులు పలకరించకుండా ద్వీపంలో ఉంటే రెండు సీజన్లలో దాదాపు 900 పాయింట్లు పోయుంటాయి. 12 హార్ట్స్ అన్నారు, ఎప్పుడు చూసుకున్నారు?

కొబ్బరిమట్ట (సోమవారం అర్ధరాత్రి)

చూశా. 9.

పెళ్లయిన కొత్తలో చూసుకున్న అంకెని ఇన్నాళ్లూ పట్టుకుని కూర్చున్నా.

గుమ్మడిపువ్వు (మంగళవారం పొద్దున)

పాపం పెన్నీ. ఒక్కర్తీ ఆ ఇంట్లో, కెగ్గుల వాసనలో. పొద్దున్నే లేచి పంటకి నీళ్లు పోసి, పశువులకి మేత వేసి, కంచె బాగుచేసి మీకోసం చూస్తూ ఉండుంటుంది.

కొబ్బరిమట్ట (మంగళవారం పొద్దున)

ఆపండి అక్కా, పొద్దున్నుంచి అదే బాధగా ఉంది. అమ్మకి చెప్తే "నాన్న కూడా అంతే" అని లోపలికెళ్లిపోయింది. నాన్న పన్నెండేళ్లు మస్కట్‌లో పనిచేశారు, రెండేళ్లకోసారి వచ్చేవారు. నేను పుట్టినప్పుడు అక్కడే ఉన్నారట.

సరే, ఇప్పుడేం చేయాలి?

లెక్కలమాస్టారు (మంగళవారం మధ్యాహ్నం)

నాలుగు రోజులు ఇంట్లో ఉండండి. భార్యకి రోజూ ఒక గిఫ్ట్ ఇవ్వొచ్చు, వారానికి రెండు అన్న పరిమితి పెళ్లయ్యాక ఉండదు. ఆమెకి బాగా ఇష్టమైనది ఇస్తే 80 పాయింట్లు, మాట్లాడితే 20, ముద్దు పెడితే 10. రోజుకి 110. మూడు రోజుల్లో పదో హార్ట్ దాటుతుంది. పుచ్చకాయ, పచ్చ, వజ్రం, గసగసాల పువ్వు ఏదైనా పర్లేదు. కుందేలు కాలు మాత్రం ఇవ్వకండి, అందరికీ నచ్చినా పెన్నీకి అసహ్యం. ఆమె పుట్టినరోజు ఫాల్ (శరదృతువు) 2, ఆ రోజు దాటిపోకుండా చూసుకోండి, ఆ రోజు గిఫ్ట్‌కి ఎనిమిది రెట్లు.

13 హార్ట్స్ దగ్గర పడ్డాక ఆమే మీకు స్టార్‌డ్రాప్ అనే అరుదైన పండు ఒకటి ఇస్తుంది, అది కూడా మీకింకా రాలేదని అర్థమైంది.

మామిడితాండ్ర (మంగళవారం మధ్యాహ్నం)

మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను ఆడ పాత్రతో లేయాని పెళ్లి చేసుకున్నా. ఆమెకి సలాడ్ ఇష్టమని ఊళ్లో బార్‌లో 220 గోల్డ్ పెట్టి రోజూ కొని పెట్టిపెట్టి నా డబ్బంతా అయిపోయింది. మాకు పిల్లలు వస్తారా, రారా?

గుమ్మడిపువ్వు (మంగళవారం మధ్యాహ్నం)

వస్తారు. ఇద్దరూ ఆడవాళ్లయినా మగవాళ్లయినా దత్తత తీసుకుందామా అని అడుగుతుంది. సరే అన్నాక మిగతా అంతా ఒకటే, 14 రోజుల్లో బిడ్డ ఇంటికి వస్తుంది. నియమాలు కూడా అవే, 10 హార్ట్స్, రెండో అప్‌గ్రేడ్, తొట్టి.

"ఇప్పుడొద్దు" అన్నా కోపం ఉండదు, తర్వాత మళ్లీ అడుగుతుంది. నాకు ఇదొక్కటే ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది. ఇక్కడ మా అత్తగారి ఫోన్ వారం వారం "ఏమ్మా ఏమైనా విశేషమా" అని వస్తుంది. ఆటలో ఇద్దరిలో ఒకరు రెండోవాళ్లని అడుగుతారు, ఒద్దంటే ఊరుకుంటారు. ఊళ్లో మిగతా వాళ్లకి దాంతో పనే లేదు. మేయర్ లూయిస్ కూడా ఆ మాట ఎత్తడు.

మామిడితాండ్ర (మంగళవారం సాయంత్రం)

థాంక్స్ అక్కా. మా స్నేహితురాలు ఆ నీడ జీవి క్రోబస్‌ని ఇంటికి తెచ్చుకుంది, ఆమెకి?

మక్కబుట్ట (మంగళవారం సాయంత్రం)

రారు. క్రోబస్ భర్త కాదు, రూమ్మేట్. ఎడారిలో వ్యాపారి దగ్గర 200 వాయిడ్ ఎసెన్స్ ఇచ్చి లాకెట్ తెచ్చుకుంటే ఇంటికి వచ్చి ఉంటడు. మంచోడు. కానీ పిల్లల ప్రశ్న లేదు.

నల్లకాకి (మంగళవారం రాత్రి)

చాలారోజుల నుంచి చదువుతున్నా, ఇవాళే రాస్తున్నా. ఒక తప్పు చేశాను, ఎవరికీ చెప్పలేదు.

నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. మొదట పాప, తర్వాత బాబు. ఈ ఆటలో మొదటివాళ్లు ఎవరైనా రెండోవాళ్లు దానికి వ్యతిరేకంగానే పుడతారు కదా. ఇద్దరు పిల్లలుంటే ఒక అచీవ్‌మెంట్ ఉంది, అదీ వచ్చింది. దాంతో నా పని అయిపోయింది అనుకున్నా. పిల్లలు దారికి అడ్డం, పొద్దున్న లేచి పొలానికి పరుగెత్తుదామంటే వాడు తలుపు దగ్గరే. మంత్రగత్తె గుడిసెలో స్వార్థపు పీఠం ఒకటి ఉంది, తెలిసినవాళ్లకి తెలుసు. ప్రిజ్మాటిక్ షార్డ్ పెట్టాను. పిల్లలిద్దరూ పావురాలై ఎగిరిపోయారు.

ఆట అంత తేలిగ్గా చేయనిస్తుందని అనుకోలేదు. మర్నాడు పొద్దున ఇంట్లో ఎవరూ పరుగెత్తలేదు. ఆటలో నేను పెళ్లాడిన షేన్ ఎప్పటిలాగే కాఫీ ఇచ్చాడు. ఏమీ జరగనట్టు. సేవ్ చేసేశాను కాబట్టి వెనక్కి రావు.

పశులకాపరి (మంగళవారం రాత్రి)

ఫర్నిచర్ అన్నందుకు నన్ను నేను తిట్టుకుంటున్నా.

రాగిసంకటి (మంగళవారం రాత్రి)

నల్లకాకి, ఆ తర్వాత కూడా మళ్లీ పిల్లలు వస్తారు, తొట్టి ఉంది కదా. నేను కూడా ఒకసారి చేశా, చూద్దామని. అంత మనసులో పెట్టుకోకు. విడాకులు అయితే 50,000 గోల్డ్ ఖర్చు, లూయిస్ ఇంట్లో ఆ పుస్తకంలో సంతకం, తర్వాత వాళ్లు మొహం చూడరు. పిల్లలు మాత్రం విడాకుల తర్వాత మనతోనే ఉంటారు. ఆ మాజీకి జ్ఞాపకాలు చెరిపేసే పీఠం కూడా అదే గుడిసెలో ఉంది, 30,000. మొత్తానికి ఆ గుడిసె దగ్గరికి ఎవరూ మంచి బుద్ధితో పోరు.

వేదిక నిర్వాహకుడు (మంగళవారం రాత్రి)

నల్లకాకి గారూ, స్వాగతం. ఇక్కడ ఎవరూ తీర్పు చెప్పరు. కొత్తగా వచ్చినవాళ్లకి మాత్రం ఒక మనవి: పీఠం గురించి రాసేటప్పుడు ముందు "కథ బయటపడుతుంది" అని ఒక మాట రాయండి, మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా చదువుతున్నారు.

మామిడితాండ్ర (బుధవారం)

చదివేశా. లేయాని ఆ గుడిసె వైపు పోనివ్వను.

మక్కబుట్ట (బుధవారం)

పోయేది లేయా కాదమ్మా, మనమే.

పశులకాపరి (బుధవారం)

ఒక విషయం, మూడో ఏడాది మొదట్లో, పొలాన్ని మనకి వదిలిపోయిన తాత ఆత్మ వచ్చి దాన్ని లెక్కగడుతుంది కదా. పెళ్లయి, ఇంటికి రెండు అప్‌గ్రేడ్లు ఉంటే ఒక పాయింట్. తాత పూర్తి మెప్పుకి గుర్తుగా నాలుగు కొవ్వొత్తులూ వెలగాలంటే 12 పాయింట్లు కావాలి. పిల్లలకి మాత్రం సున్నా. మునిమనవళ్లు పుట్టారా అని తాత చూడనే చూడడు. ఇది నాకు మొదట్లో వింతగా అనిపించింది, మన తాతలెవరైనా ఊరుకుంటారా? ఇప్పుడు గుమ్మడిపువ్వు గారు అత్తగారి ఫోన్ సంగతి రాశాక మాత్రం ఆ తాత మంచివాడే అనిపిస్తోంది.

గుమ్మడిపువ్వు (బుధవారం)

మా అత్తగారికి ఈ తాత ఫోటో పంపిస్తాను.

కొబ్బరిమట్ట (తర్వాతి సోమవారం)

అప్‌డేట్. ద్వీపానికి పోవడం మానేశా. ఐరీడియం స్ప్రింక్లర్లు ఉన్నాయి, పంట దానిపాటికి అదే తడుస్తుంది, కోతకి మాత్రం ఎప్పుడైనా ఒక పూట పోయి సాయంత్రానికి వచ్చేస్తున్నా. వచ్చేటప్పుడు పడవకి డబ్బు తీసుకోరు, పోయేటప్పుడే ఆ వెయ్యి. పిల్లల గదిలో కెగ్గులు తీసేశా అక్కా. మూడు రోజులు పుచ్చకాయ ఇచ్చా, నాలుగో రోజు ఇంట్లో పుచ్చకాయ లేదని వజ్రం ఇచ్చా. పదో హార్ట్ దాటింది.

ఆటలో తొమ్మిదో రాత్రి ప్రశ్న వచ్చింది. ఆ టైమ్‌కి అమ్మ టీవీ చూస్తోంది, నేను గట్టిగా అరిచేసరికి కరెంట్ షాక్ కొట్టిందనుకుని పరుగెత్తుకొచ్చింది. విషయం చెప్తే మంచం మీద కూర్చుని మొత్తం చదివి చెప్పమంది, మన తెలుగులో ఆట లేదు కదా, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పా. "సరే అను, ఆలస్యం చేయకు" అంది. ప్రశ్న మళ్లీ వస్తుందని ఎంత చెప్పినా వినదే.

ఆటలో 14 రోజులు ఇంట్లోనే పడుకున్నా, ఈలోపు గనిలోకి కూడా పోలేదు, పోతే ప్రాణం మీదికి తెచ్చుకుంటానని అమ్మ భయం. మొన్న పాప పుట్టింది. పేరు పెట్టమని అడిగితే అమ్మే చెప్పింది, చిట్టి అని.

రాగిసంకటి (తర్వాతి సోమవారం)

మేనమామలం మేమంతా. బారసాల భోజనాలెప్పుడు?

నల్లకాకి (తర్వాతి సోమవారం)

చాలా సంతోషం. మాకూ నిన్న రాత్రి ప్రశ్న వచ్చింది. సరే అన్నాను.

గుమ్మడిపువ్వు (తర్వాతి సోమవారం)

అమ్మగారు ఏమంటున్నారు ఇప్పుడు?

కొబ్బరిమట్ట (తర్వాతి సోమవారం)

రోజూ సాయంత్రం వచ్చి "చిట్టి లేచిందా" అని అడుగుతుంది. అది మొదటి రెండు వారాలు తొట్టిలో నిద్రే కదా, లేవదు అని చెప్తే నమ్మట్లేదు. నిన్న నాన్నకి ఫోన్‌లో చెప్పింది, ఆయన "వాడు ఇంటి దగ్గరే ఉంటున్నాడా?" అని అడిగారట.

ఇంకో ప్రశ్న ఉంది మాస్టారూ, నేను అడగట్లేదు, అమ్మ అడగమంది. రెండోది ఎప్పుడు?

లెక్కలమాస్టారు (తర్వాతి సోమవారం)

చిట్టి పరుగెత్తే వయసుకి వచ్చాకే. పుట్టిన రోజు నుంచి 56 రోజులు. ఆ తర్వాత మళ్లీ అదే 5 శాతం, అదే ఇంట్లో నిద్ర. ఈసారి బాబు పుడతాడు, అమ్మగారికి ముందే చెప్పేయండి.